పేరులేని జబ్బుకు దాత కావలెను

బుధవారం పొద్దున్న వినీల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి భద్రిరాజుగారింటికి వెళ్ళాలి. ఆయనచేత సాయం చేస్తానని అనిపించుకోవాలి. తొమ్మిదింటికల్లా కాలేజీకి వచ్చి ఫస్టియర్ క్లాసు చెప్పాలి. మధ్యలో దారి తప్పడానికి చోటే లేదనుకుంది.

వినీల భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతుంది. కానీ రెండేళ్ళుగా ఆవిడ మనసంతా నరసాపురంలోనే ఉంది. అక్కడ లేసులల్లే నాలుగు కుటుంబాల్లో ఒక వింత జబ్బు ఉంది. చల్లటి నీళ్ళు తగిలితే చాలు, చేతివేళ్ళు ముడుచుకుపోతాయి. ఎంత లాగినా విచ్చుకోవు. కాసేపటికి వాటంతటవే ఏమీ జరగనట్టు వదులైపోతాయి. ఆ నాలుగు కుటుంబాలకే ఎందుకు? ఒకే అమ్మకి పుట్టిన అక్కకి వచ్చి చెల్లెలికి రాలేదెందుకు? ఈ ప్రశ్నలు వినీలని అన్నం తిననిచ్చేవి కావు. దేవకుమారి అనే ఆవిడకి ముప్ఫయ్యేళ్ళుగా ఉంది. ఒక డాక్టరు భయమన్నాడట, ఇంకొకరు రక్తం తక్కువన్నారట. ఇప్పుడు కూతురు మెర్సీకి చిటికెనవేలితో మొదలైంది.

"పేరేంటో తెలీని జబ్బుకి మందు ఏమని అడగాలమ్మా?" అంది దేవకుమారి ఒకసారి.

అరుదైన జబ్బుల మీద పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఒకటి ఆవిడ ప్రాజెక్టుకు ఒప్పుకుంది. ఒకటే షరతు. ఖర్చులో నాలుగోవంతు స్థానిక దాతలు భరించాలి. దాత ఎవరో శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా వాళ్ళ వెబ్‌సైటులో చూపించాలి. తప్పితే ఇంకో రెండేళ్ళదాకా ఆ తలుపు తెరుచుకోదు. ప్రిన్సిపాల్ గణేష్‌బాబు ఒక్కక్షణం కూడా ఆలోచించకుండా "భద్రిరాజుగారు" అన్నాడు.

భద్రిరాజుగారికి ఊరి చుట్టూ రొయ్యల చెరువులున్నాయి. కాలేజీలో సైకిల్ షెడ్డు మీద, మంచినీళ్ళ కూలరు మీద, స్టాఫ్‌రూము ఫ్యాన్ల మీద ఆయన పేరే ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద పేరు కరెంటు పోయినప్పుడే కనబడుతుందని తెలిశాక ఆయన ఫ్యాన్లివ్వడం మానేసి బెంచీలివ్వడం మొదలుపెట్టారు.

ఆ పూట ఆయన ఇడ్లీలు తింటూ అంతా శ్రద్ధగా విన్నారు.

"ఎంతమందికి ఉందమ్మా ఈ జబ్బు?"

"ఇప్పటిదాకా తెలిసింది పద్నాలుగు మందికండీ."

"జిల్లాలోనా?"

"ప్రపంచం మొత్తంలోనండీ."

ఆయన ఇడ్లీ తుంచడం ఆపారు. "పద్నాలుగే! మా ఇంట్లో పెళ్ళయితే వడ్డించేవాళ్ళే అంతకి నాలుగింతలుంటారు. అయితే గొప్ప జబ్బేనండోయ్."

ఆయన భార్య సుబ్బాయమ్మగారు చట్నీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. "నొప్పి పెడతాయా అమ్మా ఆ చేతులు? వేడినీళ్ళలో పెడితే విచ్చుకోవా? మగపిల్లలకి కూడా వస్తుందా?" అని వరసపెట్టి అడిగారు. ఆ మూడు ప్రశ్నల దగ్గరికి రావడానికి ప్రాజెక్టుకు ఒప్పుకున్న ఢిల్లీ కమిటీకి గంట పట్టింది. వినీల ఉత్సాహంగా జవాబు చెప్పబోయింది.

"అవన్నీ తర్వాత," అని భద్రిరాజుగారు చెయ్యెత్తారు. "డబ్బు ఇచ్చేద్దాం. పేరెక్కడ రాస్తారు?"

వినీల తడబడింది. లాబ్‌లో ఏసీ ఉంది కాబట్టి ఫ్యాను లేదు. జన్యుపరీక్ష చేసే మెషీను హైదరాబాదులో ఉంది, అదీ అద్దెది. రక్తం పోసే గొట్టాలు చిటికెనవేలంత ఉండవు.

"జబ్బు పేరేంటన్నారు?"

"దానికింకా పేరు లేదండీ. మామూలుగా కనిపెట్టినవాళ్ళ పేరో, ఊరి పేరో..."

భద్రిరాజుగారి కళ్ళు సెంటర్లో ఖాళీ స్థలం దొరికినట్టు మెరిశాయి. "అంటే ఖాళీగా ఉందన్నమాట! నా పేరు పెట్టెయ్యండి."

"అది మా చేతుల్లో లేదండీ. పైన పెద్ద కమిటీలుంటాయి. మహా అయితే అప్పటిదాకా పిలుచుకోవడానికి..."

"ఆయ్, అప్పటిదాకా చాలండి. బెంచీ విరిగిపోద్ది, షెడ్డు కూలిపోద్ది. జబ్బు ఎక్కడికీ పోదు కదా!"

పోగొట్టడానికే ఈ పరిశోధన అని వినీల నోటిదాకా వచ్చింది. దేవకుమారి గుర్తొచ్చి ఆ మాట మింగేసింది. రెండేళ్ళలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

గురువారం పొద్దున్న గణేష్‌బాబు ఫోను చేశాడు. "వినీలగారూ, మన గేటు ముందు ఏంటండీ అది?"

గేటుకి అడ్డంగా ఇంటి గోడంత ఫ్లెక్సీ ఉంది. భద్రిరాజుగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. పైన, "చల్లటి నీళ్ళు తగిలితే కండరాలు బిగుసుకుపోయే సరికొత్త భద్రిరాజు వ్యాధి! పరిశోధన ప్రారంభం. అందరూ ఆహ్వానితులే" అని ఉంది. ఫ్లెక్సీ కుర్రాడి దగ్గర ఆయన ఫ్లెక్సీలన్నింటికీ ఒకటే పాత ఫైలు ఉంది. దాంట్లో ఉన్న చెరువులూ, మీసాలు తిప్పుతున్న పెద్ద రొయ్యా ఎప్పట్లాగే కింద వచ్చేశాయి. ఊళ్ళో అలాంటివి ఇంకా ఇరవై దాకా కట్టించారు.

భీమవరంలో కొత్త జబ్బు వచ్చిందంటే ఎవరికి అని ఎవరూ అడగరు. ఏ చెరువులో అని అడుగుతారు.

కాకినాడ కంపెనీ తరఫున రొయ్యలు కొనే యుగంధర్ ఆ పొద్దున్నే ఐసు వ్యాన్లతో భద్రిరాజుగారి చెరువుల్లో రొయ్యల పట్టుబడికి వస్తున్నాడు. మొదటి ఫ్లెక్సీ దగ్గర వ్యాను స్లో చేయించాడు. రెండోదాని దగ్గర ఆపించాడు. మూడోది చూశాక వెనక్కి తిప్పించాడు. పది గంటలకల్లా భద్రిరాజుగారి పక్క చెరువులవాళ్ళు ఆయన వైపు నుంచి నీళ్ళు రాకుండా తూముకి ఇసక బస్తాలు అడ్డం వేశారు.

భద్రిరాజుగారు వినీలకి ఫోను చేసి అరిచారు. "డాక్టరమ్మగారూ, ఆ యుగంధర్‌కి మీరే చెప్పండి! నా రొయ్యలు నిక్షేపంలా ఉన్నాయి!"

వినీల యుగంధర్ నంబరు తీసుకుని చేసింది. అతను మర్యాదస్తుడు, అంతా విన్నాడు.

"అది రొయ్యలకొచ్చే జబ్బు కాదండీ. మనుషులకొచ్చేది," అంది వినీల.

అవతల వ్యాను ఆగిన చప్పుడైంది.

"మనుషులకి కూడానా మేడం?"

"కూడా కాదండీ, మనుషులకే..."

అప్పటికే ఫోను పెట్టేశాడు. పావుగంటలో రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులన్నింటిలో అతని గొంతు తిరిగింది. "అందరికీ మనవి. భద్రిరాజు వ్యాధి రొయ్యల్లోంచి మనుషులకి దిగింది. పరిశోధన చేసే డాక్టరమ్మగారు స్వయంగా ఒప్పుకున్నారు."

మధ్యాహ్నానికి హోటళ్ళ బోర్డుల మీద రొయ్యల వేపుడు చెరిపేశారు. వరండాలో కాళ్ళూచేతులూ కడుక్కుంటున్న ఒక రైతుకి వేలు పట్టేసిందని ఆసుపత్రికి పరుగెత్తారు. వినీల ఒక్కొక్కరికీ సర్దిచెప్పబోయింది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా ఇంకో మెసేజీ అయింది. "అంటువ్యాధి కాదు, వంశపారంపర్యం" అంటే, భద్రిరాజుగారి చెరువుల్లో తల్లిరొయ్యలకే ఉందట అని చెప్పుకున్నారు. మైక్రోస్కోపు తప్ప మైకు ఎప్పుడూ పట్టుకోని మనిషి, సాయంత్రానికి జిల్లా అంతటికీ తెలిసిపోయింది.

వీటన్నిటినీ మించిన పని చంద్రరావు చేశాడు. అతను రొయ్యల మేత డీలరు. భద్రిరాజుగారికీ అతనికీ పాతికేళ్ళుగా మాటల్లేవు. చీకటిపడేసరికి ఒక ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పాడు. "రైతు సోదరులారా! భద్రిరాజు వ్యాధిని తట్టుకునే ఏకైక మేత, మన చంద్రరావుగారి షాపులో..."

శుక్రవారం నాలుగు గంటలకి భద్రిరాజుగారు లాబ్‌లోకి సుడిగాలిలా వచ్చారు. వెనకే సుబ్బాయమ్మగారు నెమ్మదిగా వచ్చి, మైక్రోస్కోపు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆయన చెక్కు తీసి బల్ల మీద కొట్టారు. "ఒప్పుకున్నదానికి రెట్టింపు రాశాను. నా పేరు తీసెయ్యండి."

వినీలకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండానండీ! అసలు ఎవరి పేరూ..."

"ఎవరి పేరూ లేకుండా ఎందుకండీ? చంద్రరావు వ్యాధి అని పెట్టండి."

"అది అన్యాయమండీ."

"మేతకి వాడుకోడానికి నా పేరు పనికొచ్చిందండి. జబ్బుకి వాడి పేరు పనికిరాదా? ఫ్లెక్సీ కూడా ఆర్డరిచ్చేశాను!"

ఫ్లెక్సీ కుర్రాడు ఇద్దరికీ కావలసినవాడు. అందుకని ఇరవై నిమిషాల్లో చంద్రరావు కూడా లాబ్‌లో ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. చేతిలో అతని చెక్కు ఉంది.

"మేడం గారూ, నా పేరు వద్దు. నేనూ ఇస్తాను. నా షాపు బోర్డు మీద, మేత బస్తాల మీద అంతా నా పేరేనండి! జబ్బుకి కూడా అదే పేరంటే ఏ రైతు కొంటాడు?"

"ఇప్పుడు తెలిసిందా?" అన్నారు భద్రిరాజుగారు. పాతికేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి మాట.

"తెలిసింది రాజుగారూ. మైకు ఆపించేశాను. మీరు ఫ్లెక్సీ ఆపించండి."

వినీల గడియారం చూసింది. నాలుగున్నర. బల్ల మీద రెండు చెక్కులు. రెండేళ్ళుగా ఎదురుచూసిన డబ్బు, పేరు పెట్టకపోతే చాలని వచ్చి పడింది. గబగబా వెబ్‌సైటు తెరిచింది. వివరాలన్నీ నింపుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది.

"ఏంటమ్మా?" అన్నారు భద్రిరాజుగారు.

"దాత పేరు అడుగుతోందండీ. ఆమోదించాక అందరికీ కనబడేలా పెడతారట."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"పేరు రాయడానికి ఇష్టపడని దాత అని రాయండి," అన్నాడు చంద్రరావు.

రాసింది. ఒప్పుకోలేదు. ఎర్రటి అక్షరాల్లో మళ్ళీ అడిగింది.

"ఆయన పేరు రాసెయ్యండి," అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"డబ్బు ఎవరిదైతే వాళ్ళ పేరే ఉండాలండీ. చెక్కు మీద కూడా ఎలాగూ..."

ఆ మాట పూర్తికాకుండానే బల్ల మీద చెక్కులు రెండూ మాయమయ్యాయి. భద్రిరాజుగారి జేబులో ఒకటి, చంద్రరావు జేబులో ఒకటి.

"రొయ్య ధర లేచాక వేరే ఏదన్నా చేద్దామమ్మా," అన్నారు భద్రిరాజుగారు, నేల చూస్తూ. "బెంచీలు..."

వినీలకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. "నరసాపురంలో మెర్సీ అని ఒక పిల్ల ఉందండీ. దానికి ఇరవయ్యేళ్ళు. సూది పట్టుకున్న చెయ్యి ఎప్పుడు పట్టేస్తుందో తెలీదు. రెండేళ్ళు ఆగమని దానికి మీరు చెప్పండి. నా వల్ల కాదు."

ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది.

"నా పేరు రాయమ్మా," అన్నారు సుబ్బాయమ్మగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు. "ఇదేనా ఆ కండరం? చారలు చారలుగా ఎంత బాగుందో! దీనికేం మాయరోగమొచ్చి వదలనంటోందో నాకూ తెలుసుకోవాలనుంది."

"నీ పేరా!" భద్రిరాజుగారు కంగారుపడ్డారు. "జనం ఏమనుకుంటారు? వ్యాపారం..."

"చెరువుల్లో సగం నా పేరనే ఉన్నాయి కదండీ, మా నాన్న ఇచ్చినవి. ఆ డబ్బు నా ఖాతాలోనే పడుతుంది. ఇక వ్యాపారం మాటా?" డబ్బు పంపడానికి ఆవిడ ఫోను తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. "ముప్ఫై ఐదేళ్ళుగా బెంచీల మీద 'భద్రిరాజు దంపతులు' అనే రాయించారు. ఈ ఊళ్ళో సుబ్బాయమ్మ ఎవరో ఎవరికి తెలుసు? కంగారుపడకండి, రొయ్యలకేం కాదు."

ఐదింటికి రెండు నిమిషాల ముందు వెబ్‌సైటు ఆకుపచ్చగా మారింది. వినీల కుర్చీలో వెనక్కి వాలిపోయింది. చంద్రరావు ఎవరూ అడగకుండానే లేచి సుబ్బాయమ్మగారికి నమస్కారం పెట్టాడు.

రెండు వారాలు గడిచాయి. ప్రభుత్వ పరీక్షాకేంద్రం వాళ్ళు భద్రిరాజుగారి చెరువులన్నీ పరీక్షించి రొయ్యలకి ఏ జబ్బూ లేదని తేల్చారు. హోటళ్ళలో వేపుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ప్రాజెక్టు మంజూరైందన్న కబురు చెప్పడానికి వినీల వాళ్ళింటికి వెళ్ళేసరికి యుగంధర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పళ్ళెంలో రొయ్యలు. ధర దాదాపు తేలిపోయింది, చెప్పడమే తరువాయి.

"ఆవిడ లేరమ్మా," అన్నారు భద్రిరాజుగారు గొంతు తగ్గించి. "దేవకుమారి అట, ఆవిడ చేతులు తన కళ్ళతో చూడాలని పొద్దున్నే నరసాపురం వెళ్ళింది. ఫోను కూడా మర్చిపోయింది."

ఆ ఫోను అప్పుడే మోగింది. ఆయన కళ్ళజోడు లేకుండా ఎక్కడో నొక్కారు. స్పీకరు మొత్తం తెరుచుకుంది.

"సుబ్బాయమ్మగారి నంబరేనాండీ? కేంద్ర సంస్థ హైదరాబాదు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. కొత్త వ్యాధి పరిశోధనకు సాయం చేసిన దాతగా మేడంగారి వివరాలు సరిచూసుకుంటున్నాం. మాట్లాడేది ఎవరండీ?"

వ్యాధి అన్న మాటకి యుగంధర్ పళ్ళెంలోంచి తలెత్తాడు. భద్రిరాజుగారు అలవాటుగా ఛాతీ విరుచుకుని, పేరు చెప్పడానికి నోరు తెరిచారు. యుగంధర్ మొహం చూశారు. నోరు మూశారు.

"ఆవిడ తాలూకండి," అన్నారు.