దేవయ్య చదవని రెండో పేజీ

ఆదివారం పొద్దున్నే దీపం పెట్టి, చాయ్ తాగి, దేవయ్య ఒక్కటే పని పెట్టుకున్నాడు. గుడిలో ఏడు రోజుల భజన సప్తా ముగిసే నాటి అన్నదానం బంతి భోజనమే కావాలని ఊరి మీటింగులో వాదించి గెలవాలి. పోయినేడు మైసన్న మాట నెగ్గి బఫే పెట్టారు. అతని తల్లి మంగవ్వ మోకాళ్ల నొప్పులతో వరుసలో నిలబడలేక, మెతుకు ముట్టకుండా ఇంటికొచ్చింది. దేవుడు పిలిచి పెట్టే అన్నానికి ఈ నిలబడటం ఎందుకో దేవయ్యకు అర్థం కాలేదు.

కామారెడ్డిలో డిగ్రీ చదివే కూతురు నవత కాగితాలు తీసింది.

"వట్టిగ లొల్లి జేస్తే గెలువవు బాపూ. వాదన రాయాలంటే ఓ పద్ధతుంటది. ముందుగాల ప్రతివాదం. అంటే అవతలోని మాట వానికన్న మంచిగ మనమే చెప్పాలె. అండ్ల నిజమున్నకాడ ఒప్పుకోవాలె. ఆ తర్వాత ఆధారం చూపెట్టి ఖండించాలె."

"మైసన్న మాట నేను చెప్పాల్నా? నా పెండ్లి కాకముందుసంది నేను ఎడ్డెమంటే వాడు తెడ్డెమంటడు!"

"గందుకే చెప్పాలె. జనానికి నీ మీద నమ్మకమొస్తది."

మొదటి పేజీ నిండా బఫే గొప్పలు. రెండో పేజీలో ఖండన, దానికి ఆధారంగా మంగవ్వ మోకాళ్లు.

ఎల్లారెడ్డి దగ్గరి వాళ్ల ఊళ్లో ఆ రోజు గుడి మంటపం నిండిపోయింది. దేవయ్య మైకు పట్టుకుని మొదటి పేజీ అందుకున్నాడు. "బఫేల ఎవలకు కావల్సింది వాళ్లు పెట్టుకుంటరు. అన్నం పారేసుడు తక్కువ. వడ్డించేటోళ్ల నడుములు ఇరగయి..." చదువుతుంటే అతనికే నమ్మబుద్ధయింది. చప్పట్లు మోగాయి. పేజీ తిప్పేలోపే గుడి పెద్ద బాలయ్య మైకు అందుకున్నాడు.

"శెబ్బాష్! బంతి బంతి అని కొట్లాడే దేవయ్యనే బఫే అన్నడు. ఇగ లొల్లి ఖతం!"

"బాలన్నా, ఇంకో పేజీ ఉన్నది..."

"గింత మంచిగ చెప్పినంక ఇంకెందుకే?" అంటూ బాలయ్య శాలువా కప్పాడు. ఒకరు కామారెడ్డి వంటవాళ్లకు ఫోన్ కలిపారు. ఇంకొకరు ఐస్‌క్రీమ్ కూడా చెప్పమన్నారు. వద్దు వద్దని దేవయ్య రెండు చేతులెత్తితే, దండం పెడుతున్నాడనుకుని బఫే బాధ్యతంతా అతనికే అప్పగించారు. ఆడవాళ్ల మధ్యలోంచి భార్య గంగమణి చూసిన చూపుకు, శాలువా కింద అతనికి చెమట పట్టింది.

స్తంభానికి ఆనుకున్న మైసన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. మాట తనది. చప్పట్లు దేవయ్యకు. శాలువా కూడా దేవయ్యకే. తట్టుకోలేక లేచాడు.

"ఆగుండ్రి! దేవయ్య చెప్పింది మొత్తం తప్పు!"

"అది నువ్వు చెప్పే మాటనే గదరా?" అన్నాడు బాలయ్య.

"వాడు చెప్పిండంటే అండ్ల తిరకాసున్నట్టే! అన్నం పారెయ్యరా? పోయినేడు సగం అన్నం కుక్కలు తినలే? ముసలోళ్లు పళ్లెం వట్టుకోని ఎంతసేపు నిలవడతరు? మంగవ్వ పెద్దమ్మ తినకుంటనే పోయింది, మీరు చూడలే, నేను చూసిన! దేవునికాడ మనిషిని కూసోవెట్టి పెట్టాలె!"

దేవయ్య రెండో పేజీ వంక చూసుకున్నాడు. అంతా అందులో ఉన్నదే. పెద్దమ్మ అన్నప్పుడు మైసన్న గొంతు జీరబోవడం ఒక్కటే కాగితంలో లేదు.

మంటపమంతా బంతికే చేతులెత్తింది. ఫోన్ మళ్లీ కలిపి వంటవాళ్లను వద్దన్నారు.

"ఏమంటవ్ దేవయ్యా?" అన్నాడు బాలయ్య.

దేవయ్య వీలైనంత మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఏం జేస్త, ఒప్పుకుంటున్న. మైసన్నదే గెలుపు," అని తన శాలువా తీసి మైసన్నకు కప్పాడు.

సప్తా చివరి రోజు మంగవ్వ మొదటి బంతిలో కూర్చుంది. "ఇంకో భక్ష్యం తిను పెద్దమ్మా," అంటూ మైసన్న వంగి వంగి వడ్డించాడు.

వచ్చే ఏడు కూడా బంతే ఉండాలని, దేవయ్య ఆ సాయంత్రం నుంచే బఫేను పొగడటం మొదలుపెట్టాడు.