తిరుమలమ్మ గుండు

పంకజాక్షికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: అత్త తిరుమలమ్మ మళ్లీ పడుతుందని, అదీ ఇంట్లో తనొక్కతే ఉన్నప్పుడు పడుతుందని. కార్తీకంలో బావి దగ్గర జారి మూడు వారాలు మంచం దిగలేదావిడ. "తొడల్లో కండ కరిగిపోయిందమ్మా. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి చటుక్కున లేవాలి. రోజూ కొంచెం బరువెత్తాలి" అన్నాడు డాక్టరు. అరవై ఆరేళ్ల మనిషి బరువులెత్తడమేమిటని అడగాలనిపించింది గానీ, ఏడో తరగతితో బడి మానిన పంకజాక్షి డాక్టరు ముందు తలూపి వచ్చేసింది.

తిరుమలమ్మ నీళ్ల చెంబుతో మొదలుపెట్టి, మూడు నెలల్లో రోట్లోని రుబ్బుగుండు దాకా వచ్చింది. ఆవిడ "హుమ్" అన్నప్పుడల్లా కోడలు చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేది.

ఆ శుక్రవారం అత్త తిరుచానూరు బయల్దేరగానే పంకజాక్షి అనుకున్న పని మొదలుపెట్టింది. గుండు దాచేయాలి. అరిగిన రాయికి గంట్లు పెట్టించడానికి ఇచ్చానని చెప్పాలి. చంకలో ఏడాది పాప ఏడుస్తుంటే కింద దించి, గుండును ఈడ్చుకొచ్చి, నేలకు జానెడెత్తున వేలాడే చీర ఊయలలో పడేసి, బొంత కప్పింది. నడుం కలుక్కుమంది.

బస్సు దొరక్క అత్త అరగంటకే తిరిగొచ్చింది.

"ఏమే, రోట్లో గుండు యాడ?"

కంగారులో పంకజాక్షి గంట్ల మాటే మరిచిపోయింది. "నాకు తెలీదత్తా."

"అయితే దొంగలెత్తకపోయినారు! వరదమ్మా, మావాడికి ఫోను చెయ్!"

పక్కింటి వరదమ్మ కాఫీపొడి అంగడికి పరిగెత్తి, రేణిగుంట గోడౌన్లో గుమాస్తాగా ఉన్న ధనంజయకు ఫోను కలిపించింది. "నాయనా, మీ అమ్మ గుండు..." అనేలోపే అంగడి రాజారత్నం అడ్డొచ్చాడు.

"కొండ మీద కొట్టించుకునిందా?"

రిసీవరు నోటి దగ్గరే పెట్టుకుని వరదమ్మ అరిచింది: "జుట్టు కాదప్పా, గుండే పోయింది!"

అవతల ధనంజయ ఫోను వదిలేశాడు.

గంటకల్లా గోడౌన్ లారీ ఇంటిముందు ఆగింది. ఆరుగురు హమాలీలు దిగారు. ఒకడి చేతిలో నిలువెత్తు పూలదండ. తిరుమలమ్మ పెరట్లో కుర్చీలో ఉంది. గుమ్మంలో పాపనెత్తుకున్న పంకజాక్షి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు ధనంజయ.

మొగుడికి తన పని తెలిసిపోయిందనుకుంది. "పోలేదండీ. నేనే చేసినా."

"నువ్వా?"

"భయమేసి చేసినా. బొంత కప్పి ఊయల్లో పెట్టినా."

"మా అమ్మని ఊయల్లోనా!"

హమాలీలు రెండడుగులు వెనక్కి వేశారు. ధనంజయ నేలకానుతున్న ఊయల మీద పడి, బొంతతో సహా రెండు చేతులా ఎత్తాడు. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి, నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాడు.

కేక వినగానే తిరుమలమ్మ చేతులానించకుండా చటుక్కున లేచొచ్చింది. హమాలీలు లారీ ఎక్కేశారు. దండ మాత్రం గడపలో మిగిలింది. ఆవిడ గుండును పక్కకు తీసిపెట్టి, కొడుకును చంకల కింద పట్టి లేపి మంచం మీద వేసింది.

"ముప్పై ఏండ్లకే ఇట్లనారా? ఏమే, పసిబిడ్డ తల్లివి, దీన్ని నువ్వు మోసినావా?"

పంకజాక్షికి ఏడుపొచ్చింది. "నువ్వు పడతావని అత్తా..."

"పడకూడదనే కదే ఎత్తేది!" అంది తిరుమలమ్మ, కోడలి నడుం నిమురుతూ.

మర్నాటినుంచి ఆ ఇంట్లో నీళ్ల చెంబు పంకజాక్షి చేతికొచ్చింది. దండ గుండుకు పడింది.

తిరుచానూరు వైపు పోయేవారు ఎవరైనా ఉంటే, దారిలో దిగి, ధనంజయ లేచాడో లేదో ఒకసారి చూసి పోండి. వాళ్లమ్మ ఎప్పుడో లేచింది.