దొరగారి రెట్ట పట్టిక

నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసే అల్లుడు ఆ ఉదయం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లి రోజువారీ నీటి నాణ్యత నివేదిక రాసి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టాలి. రెండు గంటలు పర్మిషన్ తీసుకోవాలి. అత్తగారినీ, అత్తగారి చిలకనూ పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అంతే.

చిలక పేరు దొరగారు. పెట్టింది మామగారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. కూతురింటికి వచ్చినప్పుడు అత్తగారు తన పెట్టె ఆటోలోనే మరిచిపోయింది కానీ పంజరం మాత్రం ఒళ్లోంచి దించలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. దొరగారు రోజుకు ఎన్నోసార్లు అచ్చం మామగారి గొంతుతో, చివర చిన్న దగ్గుతో సహా, "ఏమోయ్, ఎక్కడున్నావ్?" అంటాడు. ఏ గదిలో ఉన్నా అత్తగారు "ఇక్కడే" అని జవాబిస్తుంది.

అలాంటి దొరగారి రెట్ట రెండు రోజులుగా నీళ్లలా పడుతోంది.

"పంజరంలో తెల్లకాగితం పరవండి," అంది డాక్టరమ్మ ముందురోజు రాత్రి ఫోన్లో. "రెట్టలో మూడు భాగాలుంటాయి. పచ్చటి ముద్ద, సున్నంలాంటి తెల్లది, చుట్టూ నీరు. తెల్లది పసుపు తిరిగిందా, నీరెంత ఉంది, ఎరుపూ నలుపూ ఏమైనా కనిపిస్తోందా, గంట గంటకూ రాసి పట్టుకురండి. పిట్ట జబ్బు దాచుకుంటుంది. రెట్ట దాచదు."

రాయమంటే అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఉన్న ఆఫీసు ఫారం ఒకటి తీశాడు. సమయం, రంగు, మడ్డి, వాసన, క్లోరిన్ అని గడులు అచ్చేసి సిద్ధంగా ఉన్నాయి. 'నమూనా తీసిన చోటు' అన్న దగ్గర 'మా ఇంటి వెనుక వరండా' అని రాసి, తెల్లారేసరికి పంజరం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"నాకు జ్వరమొస్తే ఒక్క ముక్కైనా రాశారా?" అంది భార్య.

"నీకు నోరుంది కదే," అన్నాడు అల్లుడు, తలెత్తకుండా.

ఆఫీసులో అసలు నివేదిక రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. 'రంగు లేదు, మడ్డి లేదు, వాసన లేదు, క్లోరిన్ తగినంత.' నాలుగేళ్లుగా అదే మాట, అదే చేతిరాత. పైన ట్యాంకు ఎక్కి చూసినవాడు లేడు, చూడమన్నవాడూ లేడు. ఇంటి నుంచి తెచ్చిందీ, ఇప్పుడు రాసిందీ, రెండు ఫారాల్లో ఒకటి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టి, రెండోది సంచిలో వేసుకుని, పరుగున ఇంటికెళ్లి అత్తగారినీ పంజరాన్నీ ఆటో ఎక్కించాడు.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని ఫారం చదివింది. మళ్లీ చదివింది.

"రంగు లేదు, వాసన లేదు, క్లోరిన్ తగినంత... చిలకలో క్లోరిన్ ఏమిటండీ?"

అల్లుడు సంచి బోర్లించి చూశాడు; చిలక ఫారం అందులో లేదు.

అదే సమయానికి ఆఫీసులో ఇంజనీరుగారు చిలక ఫారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. 'ఉదయం ఆరు: ముదురు ఆకుపచ్చ. తెల్ల మడ్డి. ఏడు: ఇంకా పలచన. వాసన, దగ్గరికెళితే ఉంది. ఎనిమిది: అత్తగారు ఏడుస్తున్నారు.'

"అత్తగారు ఏడ్చేదాకా వచ్చిందా!" అని ఆయన కేక పెట్టాడు. "వాళ్ల పేట వాల్వులన్నీ కట్టేయండి! ట్యాంకు దగ్గరికి లైన్‌మన్‌ను పంపండి! జీపు తీయండి!"

ఇక్కడ, ఏ కాగితమూ అక్కర్లేదన్నట్టు, దొరగారు డాక్టరమ్మ బల్ల మీదే తాజాగా ఒకటి వేశాడు. ఆమె వంగి చూసింది.

"తెల్లది తెల్లగానే ఉంది. పచ్చది పచ్చగానే ఉంది. నీరొక్కటే ఎక్కువ. ఏం పెడుతున్నారమ్మా?"

"మామూలే," అంది అత్తగారు. "ఓ పుచ్చకాయ ముక్క."

"రోజుకు ఎన్ని?"

"పిలిచినప్పుడల్లా ఒకటి."

"ఎన్నిసార్లు పిలుస్తుంది?"

అత్తగారు కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఇదివరకు నాలుగైదు. ఈమధ్య... ముప్పై దాకా."

డాక్టరమ్మ నవ్వలేదు. "జబ్బేం లేదమ్మా. తిన్న నీరే పోతోంది. పుచ్చకాయ ఆపండి."

"ఆపితే పిలవదేమో తల్లీ."

"మీరు పలుకుతున్నారు కదా, పిలుస్తుంది. దానికి కావలసింది ఆ జవాబే."

అత్తగారు కళ్లు తుడుచుకునేలోగా అల్లుడి ఫోన్ మోగింది. అవతల భార్య.

"ఏమండీ, కుళాయిలో చుక్క రావడం లేదు! మీ ఇంజనీరుగారు మన వరండాలో కూర్చుని ఉన్నారు. వీధి మొత్తం బిందెలతో గేటు దగ్గరుంది. మీరేం రాశారంట?"

ఆటో దిగిన అల్లుడికి దారిచ్చినవాళ్లు కొందరు, తిట్టినవాళ్లు కొందరు. ఇంజనీరుగారు పొద్దున బిందెలో పట్టిన నీళ్లు గాజు గ్లాసులో పోసి ఎండకు ఎత్తి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఆకుపచ్చ ఎక్కడ?"

"సార్, అది నీళ్లు కాదు సార్."

"మరి?"

అల్లుడు పంజరం ముందుకు జరిపాడు. "దొరగారి రెట్ట సార్."

ఇంజనీరుగారు గ్లాసు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. పేటంతా నీళ్లు ఆపించిన మనిషి ఆ మాట పైవాళ్లకు ఎలా చెప్పాలో తెలియక ఫారం మడిచి జేబులో దాచుకున్నాడు. అల్లుడికి తన ఉద్యోగం కళ్ల ముందే ఎగిరిపోతున్నట్టు అనిపించింది. అత్తగారు ముందుకొచ్చి, "తప్పు నాది బాబూ, పుచ్చకాయ నేనే పెట్టాను," అంది. దాంతో ఇంజనీరుగారి అయోమయం రెట్టింపైంది.

అప్పుడే లైన్‌మన్ ఫోన్ చేశాడు, ట్యాంకు పైనుంచి.

"సార్, మీరు చెప్పింది నిజమే సార్! మూత విరిగి ఎన్నాళ్లయిందో! అరచేతి మందాన పాచి. లోపల రెండు పావురాలున్నాయి సార్. ఉన్నాయంటే... ఉండేవి."

ఇంజనీరుగారు గ్లాసు వైపు చూశాడు. తర్వాత అల్లుడి వైపు, చిలక వైపు చూశాడు. గేటు దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది.

"ఏమోయ్, ఎక్కడున్నావ్?" అన్నాడు దొరగారు.

"ఇక్కడే," అంది అత్తగారు. పుచ్చకాయ మాత్రం పెట్టలేదు.

సాయంత్రానికి ట్యాంకు కడగడం మొదలైంది. మర్నాడు అల్లుడి బల్ల మీదికి రెండు కవర్లు వచ్చాయి. ప్రమాదాన్ని సకాలంలో పసిగట్టినందుకు అభినందన పత్రం ఒకటి. నాలుగేళ్లుగా 'రంగు లేదు, మడ్డి లేదు' అని చూడకుండా రాసినందుకు సంజాయిషీ నోటీసు ఒకటి. రెండింటి కిందా ఇంజనీరుగారి సంతకమే.

అల్లుడు చాలాసేపు ఆలోచించి, రెండింటికీ ఒకే మాట రాసి పంపాడు: "అందినది."