గంటా నలభై నిమిషాలు

1868 జనవరి 14, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు టొరంటో శాసనసభలో మా గ్లెన్‌టోరీ సభ్యుడు డాక్టర్ ఆర్చిబాల్డ్ లాడర్ లేచి గంటా నలభై నిమిషాలు మాట్లాడారు. విషయం: డాక్టరు అందక పల్లెల్లో చనిపోతున్న తల్లులు. ఆ సమయానికి గ్లెన్‌టోరీలో డాక్టరు లేడు. మాకున్న ఒక్క డాక్టరూ ఆయనే.

ఊళ్లో డాక్టరు లేకపోవడం వరమని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నా దగ్గర లెక్కలున్నాయి.

పోయిన ఏడాది జనవరిలో డాక్టరుగారి రిజిస్టరులో నూట పన్నెండు మంది రోగులు. ఈ జనవరిలో సున్నా! ఏ దేశంలోనైనా, ఏ ప్రభుత్వమైనా, ఒక్క ఏడాదిలో ఇంత ఆరోగ్యం సాధించిందా?

పళ్లు ఇప్పుడు కమ్మరి అలిక్ గన్ పీకుతున్నాడు. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేయాలంటే నోరు తెరవాలి కదా!

మిల్లు దగ్గరుండే ముసలి ఫర్కర్ తన కీళ్లవాతం సంగతి రాసి టొరంటోకి పంపాడు. డాక్టరుగారు ఊళ్లో ఉన్న రోజుల్లో అయితే ఆయనకి దొరికేది చేదు మందు, రెండు తిట్లు. ఇప్పుడు ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది: "మీ విజ్ఞప్తిని సంబంధిత కమిటీకి పంపడమైనది." ఫర్కర్ దాన్ని అందరికీ చూపిస్తున్నాడు. "నా మోకాలు గురించి కమిటీ వేశారురా! మీ మోకాళ్లకి ఉందా కమిటీ?" అని అడుగుతున్నాడు. నడవలేడు కాబట్టి ఇంటికి వచ్చినవాళ్లకే చూపిస్తున్నాడు.

ఈ వరం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మేం ఓట్లేసి తెచ్చుకున్నాం. పోయిన సెప్టెంబరులో, కోర్టు ముందు వేదిక మీద.

మా ఓటు గుట్టుగా వేసేది కాదు. మెట్లెక్కాలి, పేరు చెప్పాలి, ఓటు ఎవరికో అందరికీ వినపడేలా చెప్పాలి. గుమాస్తా పుస్తకంలో రాసుకుంటాడు. పోటీ చేసేవాళ్లిద్దరూ పక్కనే కుర్చీల్లో కూర్చుంటారు. ఒక కుర్చీలో ధాన్యం వ్యాపారి. ఆయనకి మన పేర్లు తెలుసు. ఇంకో కుర్చీలో డాక్టరు. ఆయనకి మన కురుపులు ఎక్కడున్నాయో తెలుసు. పందెం సమానమైనదే!

మర్డో మెకాస్కిల్ భార్య మొరాగ్‌కి అప్పుడు అయిదో నెల. ఆడవాళ్లకి ఓటు లేదు కాబట్టి ఆమె బండిలోనే కూర్చుంది. ఆ బండి పక్కనే వరుసలో నిలబడి ఉండటం వల్ల వాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి.

"ఏమయ్యా, ఆయన్ని గెలిపిస్తే శీతాకాలమంతా టొరంటోలో ఉంటాడట. జనవరిలో నాకు పురుడు నువ్వు పోస్తావా?"

"ఎఫీ అవ్వ లేదూ?"

"ఎఫీ అవ్వ ఉంది. పోయినసారి బిడ్డ అడ్డం తిరిగితే ఆవిడే కదా డాక్టరుకి కబురు పెట్టమన్నది!"

"నా కాలు నిలబెట్టినాయన. ఎదురుగా కూర్చుని ఉంటే ఇంకో పేరు ఎట్లా చెప్పనే?"

"కాలు నిలబెట్టాడనే కదా ఆయన్ని ఇక్కడ ఉంచమంటున్నా. ఎక్కడికో పంపి కృతజ్ఞత చూపిస్తారా ఎవరైనా?"

"నా ఒక్కడి ఓటుతో ఏమవుతుందిలే."

"అయితే ఆ ఒక్కటీ వ్యాపారికి వెయ్యి. ఏమీ కాదుగా!"

మర్డో మెట్లెక్కాడు. డాక్టరు లేచి నిలబడ్డారు.

"ఏం మర్డో, కాలెలా ఉంది?"

"తమరి దయ డాక్టరుగారూ."

"ఓటెవరికి?" అన్నాడు గుమాస్తా.

మర్డో బండి వైపు చూశాడు. తర్వాత కాలి వైపు చూసుకున్నాడు. డాక్టరు పేరు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మొరాగ్ కొట్టలేదు.

డాక్టరుగారు అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచారు. డిసెంబరు ఆఖరులో సభ మొదలైంది.

జనవరి 13 పొద్దున మొరాగ్‌కి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికి ఎఫీ అవ్వ "ఇది నా చేతుల్లో లేదు, పో" అంది. మర్డో మంచుబండి కట్టి, అలవాటు కొద్దీ డాక్టరు ఇంటికే తోలాడు. తలుపుకి అట్ట వేలాడుతోంది: "సభ ముగిశాక వస్తాను." అక్కడి నుంచి పోర్ట్ ఎల్లిస్ డాక్టరు కోసం ఇరవై ఎనిమిది మైళ్లు తోలాడు. దారి మంచుతో మూసుకుపోయింది. ఆ డాక్టరుతో మర్డో ఇల్లు చేరింది మర్నాడు సాయంత్రం అయిదింటికి.

టొరంటో ప్రసంగంలో డాక్టరుగారు ఒక మాటన్నారు. "నా నియోజకవర్గంలో గడచిన ఏడేళ్లలో డాక్టరు అందక ఒక్క తల్లి కూడా చనిపోలేదు." సభ్యులు బల్లలు చరిచారు. ఇది అబద్ధమని ఊళ్లో కొందరు గొణుగుతున్నారు. నేను ఒప్పుకోను. పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం ఆ మాట అన్నది మూడున్నరకి. మొరాగ్ పోయింది నాలుగుంబావుకి. ఎఫీ అవ్వ గోడ గడియారం చూసి చెప్పింది. కాబట్టి డాక్టరుగారు అన్నది నిజం. ఆ తర్వాత ముప్పావుగంట దాకా నిజం.

పాప బతికింది. ఇప్పుడు ఎఫీ అవ్వ దగ్గరే పెరుగుతోంది.

ప్రసంగం అచ్చు ప్రతులు ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చాయి, ఓటరుకొకటి. మర్డోకీ వచ్చింది.

పోయిన సోమవారం నేను కోర్టులో ఉండగా మర్డో వచ్చాడు. పుస్తకంలో తన ఓటు కొట్టేయమన్నాడు.

"అదెట్లా కుదురుతుందయ్యా?" అన్నాడు గుమాస్తా.

"పోనీ ఏం రాసుందో చదవండి. నాకు చదువు రాదు."

గుమాస్తా పుస్తకం తీసి, నలభై మూడో వరుస మీద వేలు పెట్టి చదివాడు. "మర్డో మెకాస్కిల్, రైతు. డాక్టర్ లాడర్."

"దాని కింద?"

గుమాస్తా తలెత్తి నా వైపు చూశాడు. నలభై నాలుగో వరుసలో ఉన్నది నా పేరు. చదివాడు. ఓటు డాక్టర్ లాడర్‌కే.