కప్పల మడుగుకు స్మార్ట్ గేటు

ఒక పెద్ద అడవిలో, సిగ్నల్ కోసం కోతులు చిటారుకొమ్మకెక్కి ఫోన్లు ఊపే చోట, కప్పల మడుగు ఉండేది. దాన్ని చూడటానికి పట్నం జూ నుంచి జంతువులు సెలవు పెట్టుకుని మరీ వచ్చేవి. ఆ తొక్కిసలాటకి గట్లు కూలుతున్నాయి, నీళ్ళు బురదవుతున్నాయి.

"పర్యాటకమూ కావాలి, మడుగూ మిగలాలి. ఏం చేద్దాం?" అన్నాడు అటవీ మండలి అధ్యక్షుడు, ఏనుగు ఐరావతప్ప.

"స్మార్ట్ గేటు పెడదాం సార్," అన్నాడు సలహాదారు, గుంటనక్క కుశలరావు. పట్నంలో ఒక కోళ్ళఫారానికి భద్రతా సలహాదారుగా చేసిన అనుభవం ఆయనది. ఆ ఫారం ఇప్పుడు లేదు. "చుట్టూ కంచె వేస్తాం. లోపల కదిలే ప్రతి ప్రాణినీ కెమెరా లెక్కపెడుతుంది. లెక్క మించితే ఎర్ర దీపం, గేటు బంద్. ఫోన్లో బుక్ చేసుకున్నవాళ్ళకే ప్రవేశం."

"డిజిటల్! డిజిటల్!" అంది కార్యదర్శి చిలుక. అర్థం తెలిసే అందని ఎవరూ అనుకోలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగింది. మిట్టమధ్యాహ్నం, కొండమీది బండపై. ఆ ఎండకి కప్పలు రాలేకపోయాయి. మండలి నిబంధన ప్రకారం, రానివాళ్ళు ఒప్పుకున్నట్టే!

గేటు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. ఒక్క యాత్రికుడూ రాకముందే లోపల నిండిపోయింది. కెమెరా కప్పల్ని లెక్కపెట్టింది మరి.

కుశలరావు గట్టెక్కి, "బుకింగ్ లేనివాళ్ళంతా ఖాళీ చేయాలి," అన్నాడు.

కప్పల పెద్ద, బోదురుకప్ప నీలవేణమ్మకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, మా అమ్మమ్మకు తోక ఊడింది ఈ నీళ్ళలోనే! మా ఇంట్లో మేముండటానికి బుకింగేంటి?"

"నివాసానికి రుజువుందా అమ్మా?"

"తోకే రుజువు."

"చూపించండి."

"ఊడిపోయిందంటుంటే!"

"అయితే యాప్‌లో ఎక్కదు."

"ఎండాకాలం నెత్తిమీదుంది. ఈ నీళ్ళు లేకపోతే మా పిల్లలు ఎండి చస్తారయ్యా!"

"ఆ మాట అభిప్రాయ సేకరణలో చెప్పాల్సింది."

కప్పలు ఆకుదొన్నెల్లో నీళ్ళు పోసి, తోకలింకా ఊడని పిల్లల్ని అందులో వేసుకుని, దారి పక్క గుంటలోకి పోయాయి. ఆ గుంట చూస్తుండగానే సగానికి ఎండింది. ఇక్కడ మడుగు దగ్గర మాత్రం పచ్చ దీపం వెలిగింది.

జూ నుంచి జిరాఫీ దంపతులొచ్చారు, సెల్ఫీల చింపాంజీ వచ్చాడు. ఐరావతప్ప గేటు లోపల నిలబడి, "ఈ మడుగు ప్రశాంతత..." అని ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

చెవి దగ్గర ఒక దోమ గుయ్యిమంది. వెనకే దాని బంధువర్గమంతా దిగింది. తినే కప్పలు లేకపోయాక మడుగంతా వాటి పుట్టిల్లే కదా! కెమెరా శ్రద్ధగా అన్నింటినీ లెక్కపెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. గేటు మూసుకుంది.

"తెరవండయ్యా!" అని అరిచింది జిరాఫీ. అంత మెడ మీద దోమలకి చోటు కొరతేముంది?

"లోపల ఎవరైనా తగ్గితే అదే తెరుచుకుంటుంది మేడమ్," అన్నాడు బయట నుంచి కుశలరావు.

"గేటు మూస్తే ఎలా తగ్గుతాం?"

కుశలరావు గుంట దగ్గరికి పరిగెత్తాడు. "నీలవేణమ్మ గారూ, తమరొచ్చి ఆ దోమల్ని కాస్త భోంచేయాలి."

ఆమె బలగంతో, దొన్నెలతో సహా వచ్చింది. గేటు తియ్యగా పలికింది: "లోపల ఖాళీ లేదు. దయచేసి తర్వాత ప్రయత్నించండి."

"విన్నావుగా నాయనా," అంది నీలవేణమ్మ. "పిల్లలు ఎండినా సరే, మేం రూలు తప్పం."

అంతలో ఐరావతప్ప తొండంలోకి ఒక దోమ దూరింది. ఆయన ఘీంకారానికి చిలుక సైతం డిజిటల్ మర్చిపోయింది. ఆయన కెమెరానీ, గేటునీ, కంచెనీ తొక్కుకుంటూ పరుగెత్తాడు. వెనకే యాత్రికులు, తిరిగి చూడకుండా.

కప్పలు లోపలికి నడిచాయి. పిల్లల్ని నీళ్ళలో వదిలి, తీరిగ్గా భోజనానికి కూర్చున్నాయి.

మర్నాడు కుశలరావు మండలికి నివేదిక ఇచ్చాడు: "పథకం ఘనవిజయం. మడుగు దగ్గర రద్దీ పూర్తిగా తగ్గిపోయింది." పక్క అడవి వాళ్ళు అప్పుడే ఆయన్ని పిలిపించుకున్నారు.

నీతి: ప్రకృతిని కాపాడటం చాలా సులువు, అందులో బతికేవాళ్ళు అడ్డు రాకపోతే.