ఆటల కట్టలో నూకరాజు పొలం

సర్వేయరు మద్దూరి ఉమాశంకర్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసి ఉంటే దంగేటి నూకరాజు పొలం వీడియో గేమ్‌లోకి వెళ్ళిపోయేది కాదు. రీసర్వే నాడు అతను డ్రోన్ ఎగరేసి, కొబ్బరిచెట్టు నీడన కూర్చుని, ఒక చేత్తో బొండం తాగుతూ రెండో చేత్తో పొలాల ఫొటోలు ఫోన్‌లోంచి పంపించాడు. అవి మండల కార్యాలయానికి వెళ్ళాల్సింది పోయి, ఎక్కడో ఆటలు తయారుచేసేవాళ్ళు వాడుకునే బొమ్మల గోదాములో పడ్డాయి. రికార్డు ఎక్కడుంటే పొలం అక్కడుంటుందన్నది కార్యాలయం వారి నియమం. కాబట్టి పొలం కూడా రికార్డు వెంట నడిచింది. ఉమాశంకర్‌కి ఆ తర్వాత బదిలీ అయింది. పదోన్నతి మీదే.

పొలం ఉన్నచోట ఏమీ మిగల్లేదు. ఏమీ అంటే, ఖాళీ జాగా కూడా. ఉత్తరాన యాళ్ళ సూర్నారాయణ గట్టూ, దక్షిణాన పంటకాలవ గట్టూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. పార భుజాన వేసుకుని వెళ్ళిన నూకరాజు ఆ రెండు గట్ల మధ్య వేలు దూర్చి చూశాడు. పట్టలేదు. ఇంటికొచ్చి భార్య సత్యవేణికి చెప్తే ఆవిడ పొయ్యి దగ్గర్నించి లేవకుండానే, నీళ్ళు పెట్టాల్సిన రోజున పొలం లేకపోతే ఎలాగని అడిగింది. నూకరాజు పార మూలన పెట్టాడు. వాళ్ళకి ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు.

ఊళ్ళో మరికొందరి పొలాలు కూడా అలాగే పోయాయి. గొడవేమీ జరగలేదు, ఎందుకంటే దానికో పద్ధతి ఉంది. కార్యాలయం వెనక గదిలో ప్రతి మంగళవారం ‘ఆటల పరిశీలన’ పెడతారు. అర్జీదారు ఆధార్ కార్డు, రెండు ఫొటోలు, హద్దురైతు ఒకరిని వెంట తెచ్చుకోవాలి. పొలాలు చేరిన ఆటలన్నీ ఒకే కట్టగా అమ్ముడవుతున్నాయి. పెద్ద కంపెనీల ఆటలు కావవి. ఎక్కడెక్కడో అద్దెగదుల్లో కూర్చుని ఒక్కొక్కడు తన తిప్పలు తాను పడి చేసుకున్న చిన్నచిన్న ఆటలు. విడిగా అమ్మితే ఎవడూ కొనడు గనక, సంత విడిచే వేళకి వంకాయలు కుప్పకింద ఇచ్చేసినట్టు అన్నిటినీ కలిపి ఇచ్చేస్తారు. కొన్నవాడు కూడా ఒకటో రెండో తెరిచి చూసి మిగతావి మర్చిపోతాడు. అర్జీదారు మాత్రం అన్నీ ఆడాలి, ఆడుతూ తన పొలాన్ని గుర్తుపట్టాలి, గుర్తుపట్టి ‘ఇది నాది’ అనే మీట నొక్కాలి. ఒక ఆట ఒక అర్జీదారుకి ఒక్కసారే తెరుచుకుంటుంది, కొన్నవాడికైతే ఎన్నిసార్లయినా.

హద్దురైతుగా రమ్మని అడగడానికి నూకరాజు సూర్నారాయణ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది. దుక్కి చేసినప్పుడల్లా సూర్నారాయణ పారతో గట్టును తన వైపు కాస్త చెక్కి తన మడిలో కలుపుకునేవాడు. నూకరాజు తిట్టేవాడు, సూర్నారాయణ తిట్టించుకునేవాడు, మళ్ళీ దుక్కికి మళ్ళీ చెక్కేవాడు. ఆ చెక్కుడువల్ల గట్టు మధ్యలో నడుం సన్నబడింది. లోకంలో అలాంటి గట్టు ఇంకొకటి ఉండదు. ఆటలో పొలాన్ని గుర్తుపట్టాలంటే అదే ఆనవాలు. దాన్ని ఎవరు చెక్కారో హద్దురైతు వాంగ్మూలం ఇవ్వాలి.

సూర్నారాయణ చుట్ట పక్కన పెట్టాడు.

“నీ పొలం ఉందనడానికి నా దొంగతనం సాచ్చికమా?” అన్నాడు.

“ఇంకేదీ లేదు బావా.”

“ఇన్నాళ్ళూ చెక్కలేదని సత్తెం చేశాను కదరా, మీ ఆవిడ ముందు.”

“దానికి తెలుసులే.”

వస్తానన్నాడు. దారి పొడుగునా, తను చెక్కబట్టే ఇవాళ ఆ పొలానికి ఆనవాలు మిగిలిందనీ, చెక్కని గట్లున్నవాళ్ళ గతి చూడమనీ చెప్తూనే ఉన్నాడు. అది నిజం కూడా. గట్లు సాఫీగా ఉంచుకున్న మంచి రైతులెవరికీ పొలాలు దొరకలేదు.

వెనక గదిలో ఆపరేటర్ లీలాకుమారి రెండు చేతులతో పట్టుకునే రిమోటు నూకరాజుకిచ్చి నియమాలు చదివింది. రిమోటు మీద ఒక్క చెయ్యయినా ఉండాలి. రెండూ తీసేస్తే మనిషి వెళ్ళిపోయాడని ఆట అనుకుంటుంది, పది అంకెలు లెక్కపెట్టి మూసుకుంటుంది. మూసుకున్నది మళ్ళీ తెరుచుకోదు. “టీ తాగినా, దోమ కుట్టినా ఒక చెయ్యి దాని మీదే ఉండాలండి. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకండి,” అంది. నూకరాజు వేలిముద్ర వేశాడు.

మొదటి ఆటలో ఒక ముసలి చేప గాజుసీసాలో తిరుగుతుంది. తిరగడం తప్ప ఆటేమీ లేదు. రెండోదాంట్లో బస్సు కోసం నిలబడాలి. నూకరాజు నిలబడ్డాడు. బస్సు రాలేదు, వాన వచ్చింది, ఆట అయిపోయింది. మంచి మార్కులు పడ్డాయి. ఇంతసేపు ఎవరూ నిలబడలేదని లీలాకుమారి చెప్పింది. ఇంకొకదాంట్లో ఆసుపత్రి వరండాలో ఒక తల్లికి దుప్పటి కప్పుతూ ఉండాలి, ఎన్నిసార్లు కప్పినా జారిపోతుంది. ఆ ఆట చేసినవాడికి ఏదో జరిగే ఉంటుందని నూకరాజు అనుకున్నాడు. గుమస్తా ముద్రలు వేసే ఆటలో మాత్రం తప్పాడు. కాగితం రాగానే ముద్ర వేసేశాడు. రేపు రమ్మనాలన్నది అక్కడి మెలకువ.

టీ వచ్చింది. నూకరాజు ఎడమచెయ్యి రిమోటు మీద ఉంచి కుడిచేత్తో తాగాడు. దోమ కుట్టింది. కుట్టనిచ్చాడు. కునుకు తీస్తున్న సూర్నారాయణని మోచేత్తో పొడిచి లేపాడు గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

సాయంత్రం అవుతుండగా ఒక ఆట తెరుచుకుంది. దానికి పేరు కూడా సరిగ్గా పెట్టలేదు. ముందు ఆకాశం కనిపించింది. తర్వాత పంటకాలవ, కాలవకి తూము, తూము దగ్గర పగిలిన సిమెంటు గొట్టం, గొట్టానికి నూకరాజు తన పాత లుంగీ చింపి కట్టిన నీలం పీలిక. ఆ వెనక గట్టు, మధ్యలో నడుం సన్నబడి.

“అదే,” అన్నాడు సూర్నారాయణ. లేచి నిలబడి, ఎవరూ అడక్కముందే, “నేనే చెక్కేనండి. రాసుకోండి,” అన్నాడు.

లీలాకుమారి రాసుకుంది. ఇక మీట నొక్కడమే మిగిలింది.

నూకరాజుకి మడి కనిపిస్తోంది. నీళ్ళు లేక నెర్రెలిచ్చి ఉంది. ఎన్నో నెలలయింది చూసి. అతను ఎప్పుడూ చెప్పుల కాళ్ళతో మడిలో దిగలేదు. అతని నాన్న దిగలేదు, ఊళ్ళో ఎవరూ దిగరు. గట్టు మీదే చెప్పులు విడిచి, వంగి, రెండు చేతులతో మట్టిని తాకి కళ్ళకద్దుకుని అప్పుడు దిగుతారు. అది ఆలోచించి చేసే పని కాదు. నూకరాజు బల్ల కింద చెప్పులు విడిచాడు. రిమోటు బల్ల మీద పెట్టాడు. వంగి, రెండు చేతులతో తెరను తాకి, కళ్ళకద్దుకున్నాడు. చాలాకాలం తర్వాత కాబట్టి కళ్ళు కాసేపు మూసుకునే ఉన్నాడు.

సూర్నారాయణ కూడా చెప్పులు విడిచి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. చూసింది లీలాకుమారి ఒక్కతే. “ఏవండీ, చెయ్యి, చెయ్యండీ,” అంది. దణ్ణం మధ్యలో పిలిస్తే ఎవరూ పలకరు.

నూకరాజు కళ్ళు తెరిచేసరికి తెర నల్లగా ఉంది. దాని మీద ఒక వాక్యం కనిపించింది. లీలాకుమారి దాన్ని తెలుగులోకి మార్చి రిజిస్టర్లో రాసింది: అర్జీదారు తన పొలాన్ని చూసి, గుర్తించి, స్వచ్ఛందంగా విడిచిపెట్టి వెళ్ళిపోయారు.

“నేనిక్కడే ఉన్నాను కదమ్మా,” అన్నాడు నూకరాజు.

“ఉన్నారండి. కానీ వెళ్ళిపోయినట్టు వచ్చింది.”

పై అధికారికి అర్జీ పెట్టారు. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ కూడా వేయించాడు. దణ్ణం పెట్టడం నేరం కాదనీ, కానీ దణ్ణానికి ఆ రిమోటులో మీట లేదనీ చెప్పాడు. ఆట తయారుచేసినవాడికి కూడా ఉత్తరం రాయించారు. పొలం తీసేస్తే తన ఆటలో ఆకాశం తప్ప ఏమీ మిగలదనీ, తనదీ అద్దెగదేననీ, మన్నించమనీ అతను జవాబు రాశాడు. నీటి తీరువా నోటీసు మాత్రం ఎప్పటిలాగే నూకరాజు పేరునే వచ్చింది. పొలం ఎక్కడున్నా నీళ్ళు వాడినట్టే లెక్క.

ఆ తర్వాత పట్నంలో ఒక దుకాణం తెరిచారు. ఆటల కట్టలు కొనుక్కుని ఆడే తీరిక లేనివాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళ బదులు కూర్చుని ఆడిపెట్టడానికి మనుషులు కావాలి. వ్యవసాయం ఆటలకి అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. నూకరాజుని వెంటనే తీసుకున్నారు. ఎవరో పేరు తెలియని ఆసామి తరఫున అతను రోజూ పొద్దున్నే ఆ తూము తెరుస్తాడు, నాట్లు వేస్తాడు, కలుపు తీస్తాడు. నెర్రెలు మూసుకున్నాయి. అక్కడ పంట బాగా పండుతోంది. సత్యవేణి ఒకసారి క్యారేజీ తెచ్చి, తెరలో చేను చూసి, మనకి ఎప్పుడూ ఇంత బాగా పండలేదు కదా అంది. తెచ్చిన అన్నం అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

నూకరాజు ఇప్పుడు చెప్పులు విడవడు. రెండు చేతులూ రిమోటు మీదే ఉంటాయి. పని బాగా నేర్చుకున్నాడని యజమాని అంటాడు.

ఉత్తరం వైపు సర్వే కూడా పూర్తయ్యాక సూర్నారాయణ పొలం అదే ఆటలోకి వచ్చింది, అతనూ అదే దుకాణంలో పక్క కుర్చీలోకి వచ్చాడు. మొన్న దుక్కి వేళ నూకరాజు తెరలో గట్టు కేసి చూశాడు. నడుం దగ్గర పార పడుతోంది. మట్టి పెళ్ళలు అవతలి మడిలోకి జారుతున్నాయి. పక్కకి తిరిగి చూస్తే సూర్నారాయణ బొటనవేలు మీట మీద ఆడుతోంది.

“అలవాటురా,” అన్నాడు సూర్నారాయణ, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఏవనవేం?”

తిడతాడని కాసేపు ఎదురుచూశాడు. మళ్ళీ ఇంకాస్త లోపలికి చెక్కాడు, ఈసారి కనిపించేలా.

నూకరాజు మళ్ళీ దుక్కిలో పడ్డాడు. పోతున్నది ఎవరి మట్టో అతనికి తెలీదు. తనకి పోయిందేమో ఎప్పుడో పోయింది, సర్వే నంబరు నూట పద్దెనిమిది బై రెండులో ఎకరం నలభై ఆరు సెంట్లు.