అసలు కారే కాదు

"అసలుది కాని కారు, అసలు కారే కాదు!"

ప్రాచీన జపాను క్రీడాశకటాభిమాన సంఘం అధ్యక్షులవారు ఈ మహావాక్యాన్ని పలికింది మార్చి పదో తారీకున, ఒక ఆదివారం ఉదయం. మేస్త్రికి ఆ తారీకు ఇప్పటికీ గుర్తే. ఆ క్షణానికి ఆయన, సంఘం వారు పెట్టిన ఉడికించిన గుడ్డును సగం కొరికి ఉన్నాడు. అంత గొప్ప మాట విన్నాక మిగతా సగం తినడం మర్యాదో కాదో తేల్చుకోలేక, సభ ముగిసేదాకా దాన్ని చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

సంఘం పేరు పొడుగే గాని, కార్లు పొట్టివి. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి చేతిసంచీకి కూడా చోటుండని, నేలకు జానెడెత్తున పరుగెత్తే స్పోర్ట్స్ కార్లు. యాభై ఏళ్ల కిందటివి. ఆ ఊళ్లో అలాంటివి పద్నాలుగున్నాయి. పదమూడు సభ్యులవి, పద్నాలుగోది మేస్త్రిది. ఆయన సభ్యుడు కాదు. "లేత్ మిషను గలవారు సభ్యత్వమునకు అనర్హులు" అని నియమావళిలో నాలుగో నిబంధన. లేత్ మీద భాగాలు తయారవుతాయి. తయారైనవన్నీ నకళ్లు. నకలంటే సంఘానికి ఒళ్లు మంట!

ఈ సంగతి సభ్యులు పగటిపూట మేస్త్రి షెడ్డు ముందు రోడ్డు మీద నిలబడి గట్టిగా చెప్పుకునేవారు. సాయంత్రం సందువైపు నుంచి వచ్చి, గుడ్డలో చుట్టిన విరిగిన ముక్క ఒకటి ఆయన బల్ల మీద పెట్టేవారు.

"అద్దం తిప్పే పిడి మేస్త్రీ. ఇలాంటిదే ఇంకోటి కావాలి. కాని కొత్తగా ఉండకూడదు."

"ఎంత పాతగా ఉండాలండీ?"

"నాకంటే పదేళ్లు చిన్నదిగా ఉంటే చాలు."

కొత్త లోహానికి వయసు ఎక్కించడంలో మేస్త్రి చెయ్యి తిరిగినవాడు. ఉప్పునీళ్లలో ఒక పూట, తడి రంపపు పొట్టులో రెండు రోజులు, ఆ తరవాత చొక్కా జేబులో వేసుకుని వారం రోజులు తిరగడం. అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది. మనిషి జేబులో తిరిగితే వచ్చే నునుపు మరే మందుకూ రాదు.

అధ్యక్షులవారి కారయితే ఏడాదిన్నర పాటు ఆ షెడ్డులోనే, దుప్పటి కప్పుకుని, రోగి కోలుకున్నట్టు కోలుకుంది. ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన తలుపు పిడిని వెనక్కి తిప్పి చూసి, "ఇక్కడ నాలుగు జపాను అక్షరాలు పడితే ఎంత నిండుగా ఉంటుందయ్యా!" అన్నారు.

"ఏం అక్షరాలండీ?"

"ఏవైతేనేం! చదవొచ్చిన వాడెవడున్నాడు ఇక్కడ?"

మేస్త్రికి తెలిసి జపాను అక్షరాలున్న వస్తువు ఇంట్లో ఒక్కటే. పై వాటాలో ఉంటున్న మరదలి ఇస్త్రీపెట్టె. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఆ పెట్టె పిడి కింద ఒక వరస అక్షరాలున్నాయి, పెద్దమనుషులు వరసగా కూర్చున్నట్టు. మేస్త్రి వాటిని భూతద్దంతో చూసుకుంటూ ఉక్కు ముక్క మీద ఎదురు అచ్చు చెక్కాడు. అధ్యక్షులవారి కారుకు పడ్డ అక్షరాలు తమ కార్లకూ పడకపోతే మిగతావారు ఊరుకుంటారా! ఏడాది తిరిగేసరికి పదమూడు కార్లూ అక్షరాస్యులైపోయాయి.

సంఘం నెలకోసారి విడిభాగాల సంత కూడా పెట్టేది. సభ్యులు ఒకరికొకరు, ఒకరినొకరు మెచ్చుకుంటూ, అమ్ముకునేవారు. ఒకసారి కార్యదర్శిగారు పట్టుగుడ్డలో చుట్టిన గేరు గుండు ఒకటి తెచ్చి, మర కాస్త వదులైంది, సరిచెయ్యమన్నాడు.

"జాగ్రత్త మేస్త్రీ! ఓడలో వచ్చింది. జపానులో ఒక ముసలాయన ఏడుస్తూ ఇచ్చాడట."

మేస్త్రి జాగ్రత్తగానే పట్టుకున్నాడు. ఆరు నెలల కిందట దాన్ని వారం రోజులు తన జేబులో మోసినప్పుడు కూడా అంతే జాగ్రత్తగా మోశాడు.

ఇక ఆయన సొంత కారు. అది పాత ఇనపసామాను కొట్టులో దొరికింది. అప్పటికి దాంట్లో ఒక పిల్లి కాపురముంటోంది. మేస్త్రీ, ఆయన భార్యా తొమ్మిదేళ్లు ఆ కారు మీద పడ్డారు. ఆయన భాగాలు చేస్తే ఆవిడ గరుకు కాగితంతో రుద్దింది. సీట్లకు తోలు, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చేత్తో కుట్టింది. ఒక ఏడాది ప్రదర్శనకు వెళ్లి, తాడు ఇవతల నిలబడి, "ఎప్పుడో ఒకసారి మనదీ ఈ వరసలో నిలబడాలండీ. నలుగురూ ఆగి నా కుట్టు చూడాలి," అంది. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. ఆ కోరిక మేస్త్రికి మిగిలింది.

ఆ ఆదివారం ఆయన సభకు దరఖాస్తు పట్టుకుని వచ్చింది అందుకే. అధ్యక్షులవారి మహావాక్యం ఆ దరఖాస్తుకు జవాబు.

"మీ శకటంలో లేత్ మీద చేసిన భాగాలెన్ని?" అని కార్యదర్శి విచారణ మొదలెట్టాడు.

"అరవై రెండండీ."

సభ గొల్లుమంది. అరవై రెండే! ఒకాయన చెవులు మూసుకున్నాడు. అధ్యక్షులవారి కారులో డెబ్బై నాలుగున్నాయని మేస్త్రికి తెలుసు. కాని చేతిలో గుడ్డు పెట్టుకుని పెద్దల లెక్కలు బయటపెట్టడం బాగుండదని ఊరుకున్నాడు.

అధ్యక్షులవారు దయాళువు. "కొట్టివెయ్యడం నా స్వభావం కాదు," అన్నారు. "వచ్చే నెల ప్రదర్శనకు జపాను నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. ఈ కార్లు పుట్టిన కర్మాగారంలోనే పనిచేసి రిటైరయ్యారు. అసలు ఏదో, కానిదేదో ఆయన తేలుస్తారు. అంతదాకా నీ కారు గేటు దగ్గర సైకిళ్ల పక్కన పెట్టుకో."

ఇంటికొచ్చాక మరదలు విరుచుకుపడింది.

"అరవై రెండని ఎందుకు చెప్పావు బావా? వాళ్లలాగా సున్నా అంటే నీ సొమ్మేం పోయేది?"

"అడిగారు, చెప్పాను."

"అక్క ఉంటే నీ నోటికి రెండు కుట్లు వేసేది!"

"అరవై రెండని లెక్కపెట్టి రాసింది మీ అక్కే."

మరదలు పైకి వెళ్లిపోయింది. కాసేపాగి కిందికి దిగి వచ్చి, ఆ కారు సీట్లను మెత్తటి గుడ్డతో తుడిచి వెళ్లింది.

ప్రదర్శన నాడు పదమూడు కార్లూ తాడు అవతల తళతళలాడుతూ నిలబడ్డాయి. వాటిలో చుక్క పెట్రోలు లేదు. నడిపితే అసలుతనం అరిగిపోతుందని అన్నిటినీ తోసుకొచ్చారు. జపాను పెద్దాయన పొట్టిగా, టోపీ పెట్టుకుని, తన మనవరాలి పెళ్లికి వచ్చినంత సంతోషంగా వచ్చాడు. పక్కన దుబాసి అమ్మాయి.

ఆయన ముందుగా అధ్యక్షులవారి కారు తలుపు పిడి తిప్పి, వెనక అక్షరాలు పైకి చదివాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

"మన భాషలో చెప్పమ్మా, అందరూ వింటారు!" అన్నారు అధ్యక్షులవారు.

దుబాసి గొంతు సవరించుకుంది. "'తడి చేతులతో తాకరాదు' అని ఉందండీ."

చప్పట్లు కొంచెం పలచబడ్డాయి. "చూశారా కర్మాగారం వారి క్రమశిక్షణ!" అన్నారు అధ్యక్షులవారు, తడుముకోకుండా.

పెద్దాయన రెండో కారుకు వెళ్లాడు. అద్దం పిడి మీద: తడి చేతులతో తాకరాదు. మూడో కారు గేరు గుండు కింద, ఓడలో వచ్చినదాని మీద: తడి చేతులతో తాకరాదు. పెట్రోలు మూత. తడి చేతులతో తాకరాదు. ఏడో కారు దగ్గర ఆయన ఆగి, దుబాసిని మెల్లిగా ఏదో అడిగాడు.

"ఏమంటున్నారమ్మా?"

"ఈ ఊళ్లో అందరి చేతులూ ఎప్పుడూ తడిగా ఉంటాయా అని అడుగుతున్నారండీ."

కార్యదర్శి చప్పున చేతులు లాగు జేబుల్లో పెట్టుకున్నాడు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్త్రి మాత్రం నేల చూపులు చూస్తూ, ఇస్త్రీపెట్టెను మనసులోనే క్షమాపణ అడిగాడు.

పదమూడూ అయ్యాక పెద్దాయన చుట్టూ చూశాడు. గేటు దగ్గర సైకిళ్ల మధ్య పద్నాలుగోది కనిపించింది. తాడు దాటి అటు నడిచాడు. తలుపు తీశాడు. వేశాడు. మళ్లీ తీశాడు, చెవి దగ్గరగా ఒగ్గి వేశాడు. 'టప్' మని ఒక్కటే చప్పుడు, బరువైన పుస్తకం మూసినట్టు. పిడి తిప్పి చూశాడు. ఏమీ లేదు.

"ఇరవై ఆరేళ్లు ఈయన చేసిన పని తలుపులు బిగించడమేనట," అంది దుబాసి. "ఈ పిడి ఎవరు చేశారు, పేరైనా వేసుకోలేదేం అని అడుగుతున్నారు."

"నేనేనమ్మా. నేను చేశానని నాకు తెలుసు కదా అని వెయ్యలేదు."

పెద్దాయన తలాడించి సీటులో కూర్చున్నాడు. చూపుడువేలితో కుట్టు వెంబడి ఆ చివరినుంచి ఈ చివరికి నెమ్మదిగా వెళ్లాడు.

"ఈ కుట్టు వేసినవారిని చూడొచ్చా అంటున్నారు."

మరదలు ముందుకొచ్చింది. "సగం నాది. మిగతా సగం, ఆ తిన్నగా ఉన్నది, మా అక్కది. ఆవిడ లేదు."

దుబాసి చెప్పగానే పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఏముందోనని జనం ఒక్కొక్కరే తాడు దగ్గరినుంచి ఇటు జరిగి, ఆగి, వంగి, కుట్టు చూశారు. "చేతి పనేనా ఇది?" అని ఎవరో అడిగారు. మరదలు ఆ మధ్యాహ్నమంతా అవునని చెబుతూనే ఉంది.

పెద్దాయన తీర్పు రెండు ముక్కల్లో రాసిచ్చాడు. పదమూడు కార్ల గురించి: "చాలా శుభ్రంగా ఉన్నాయి." పద్నాలుగోదాని గురించి: "తలుపు బాగా పడుతుంది."

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. మేస్త్రి బయట బల్ల మీద కూర్చున్నాడు. గంట తరవాత కార్యదర్శి వచ్చి తీర్మానం చదివాడు:

"మన శకటములపై గల 'తడి చేతులతో తాకరాదు' అను హెచ్చరిక ప్రపంచమందు మరెచ్చటను కానరానందున, ఇవి అత్యంత అరుదైన ప్రత్యేక శ్రేణికి చెందినవని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. సదరు ముద్ర లేని శకటము నకలుగా భావించి, దానికి వరుసలో స్థానము నిరాకరించడమైనది."

"బావా, వీళ్లకి ఇస్త్రీ చెయ్యాల్సింది బట్టలు కాదు!" అంది మరదలు.

ఆ సాయంత్రం అధ్యక్షులవారు సందువైపు నుంచి షెడ్డులోకి వచ్చారు. ఈసారి చేతిలో విరిగిన ముక్కేమీ లేదు.

"బాధపడకు మేస్త్రీ. అచ్చు నీ దగ్గరే ఉంది కదా! పిడి మీద ఒక్క దెబ్బ కొట్టుకో. వచ్చే ఏడాది వరసలో నా పక్కనే నీ కారు."

మేస్త్రి కారు వంక చూశాడు. సీటు మీద పెద్దాయన కూర్చున్న చోట చిన్న పల్లం ఇంకా లేవలేదు.

"వద్దులెండి. అక్కడ ఆగి చూడాల్సినవాళ్లు ఇవాళ ఇక్కడే చూసేశారు."

"పిచ్చివాడివయ్యా!" అన్నారు అధ్యక్షులవారు. కాని వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. కాసేపు లేత్‌ను చూశారు, కాసేపు తన చేతులను చూసుకున్నారు. తరవాత గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మేస్త్రీ, మనిద్దరి మధ్యా ఉండనీ. నా కారులో... అసలుది ఏమైనా ఉందా?"

మేస్త్రి మనసులో కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. నేల రేకు తనే కొట్టాడు. బంపర్లు తనవే. ఇంజను వేరే కారుది. దీపాలు, పిడులు, బొత్తాలు, ముందున్న బిళ్ల. అధ్యక్షులవారు ఆయన నోటివైపే చూస్తున్నారు, ఆస్పత్రి వరండాలో డాక్టరు నోటివైపు చూసినట్టు. అలాంటి చూపు మేస్త్రికి కొత్త కాదు. తనూ ఒకప్పుడు ఆ వరండాలో నిలబడ్డవాడే.

"వెనకద్దం ఉంది కదండీ," అన్నాడు నెమ్మదిగా. "గాజు పని నాకు బొత్తిగా రాదు."

అధ్యక్షులవారి మొహం వెలిగిపోయింది. "వెనకద్దం! నేనెప్పుడూ అనుకుంటూనే ఉన్నానయ్యా, దాంట్లోంచి చూస్తే లోకం వేరేగా కనిపిస్తుందని!" లేచి, మేస్త్రి భుజం తట్టి, అటూ ఇటూ చూసుకోవడం కూడా మరచి, తలుపు బార్లా వదిలేసి, సందులో పాట పాడుకుంటూ వెళ్లిపోయారు.

మేస్త్రి అబద్ధమాడలేదు. గాజు పని ఆయనకు నిజంగానే రాదు. రెండు వీధుల అవతలి గాజు కొట్టువాడికి వచ్చు. కొలతలు రాసిన కాగితం పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లింది మాత్రం మేస్త్రే.

పైన మరదలి కుట్టుమిషను ఆగింది. ఆవిడ అలసి ఉంటుంది. సందులో పాట వినిపించడం మానేదాకా ఆగి, మేస్త్రి దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.